‘మంచి థ్రిల్లర్ ఏదైనా ఇవ్వండి’ అంటే ఏమివ్వాలి?

ప్రశ్న: నేను ఒక పబ్లిక్ లైబ్రరీలో కొత్తగా చేరాను. కౌంటర్ దగ్గర రోజుకు పదిసార్లు వినే మాట ‘మంచి థ్రిల్లర్ ఏదైనా ఉందా మేడమ్?’ నేను థ్రిల్లర్లు పెద్దగా చదవను. పోయిన నెల అరవై దాటిన ఒకావిడ అడిగితే, అందరూ తీసుకెళ్తున్నారు కదా అని ఒక సీరియల్ కిల్లర్ నవల ఇచ్చాను. మూడో రోజు తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ‘రెండు రాత్రులు నిద్ర లేదమ్మా, ఇలాంటివి ఇవ్వకు’ అన్నారు. మా సీనియర్ ఒకాయన ఎవరడిగినా తనకు నచ్చిన ఆ నాలుగు పుస్తకాలే ఇచ్చి పంపేస్తారు. రోజూ వచ్చే పాఠకుడు ఇంకొకాయన ఉన్నారు, ఎవరు ఏ పుస్తకం పట్టుకున్నా పక్కకు వచ్చి కథంతా, ఒక్కోసారి హంతకుడెవరో కూడా చెప్పేస్తుంటారు. అసలు నేను చదవని పుస్తకాన్ని ఇంకొకరిని చదవమనడం మోసం కాదా? ఈ పని ఎలా చేయాలి?

సమాధానం: ముందు మోసం సంగతి తేల్చేద్దాం. చదవని పుస్తకాన్ని ఇవ్వడం మోసం కాదండీ, చదివానని చెప్పి ఇవ్వడం మోసం. ర్యాకుల్లో ఉన్నవెన్ని, ఒక మనిషి జన్మలో చదవగలిగేవెన్ని అని ఒక్కసారి లెక్క వేసుకోండి. నేను చదివినవే ఇస్తానని పట్టుబడితే నష్టపోయేది పాఠకులే, ఎందుకంటే మన ఇష్టాలు ఎంతవరకో వాళ్ల లైబ్రరీ అంతవరకే అయిపోతుంది. మీ సీనియర్ చేస్తున్నది అదే, ఆయన మంచి మనసుతోనే చేస్తున్నా సరే. మీరు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి: ‘నేను చదవలేదండీ, పోయినవారం తీసుకెళ్లినవాళ్లు రాత్రంతా కూర్చుని పూర్తిచేశామన్నారు’ అని. ఆ మాటకు విలువ తక్కువేం కాదు. నిజానికి, లైబ్రరీలో పనిచేసేవాళ్లకు అన్నీ నచ్చుతాయేమో అని అనుమానపడే పాఠకుడు, తనలాంటి ఇంకో పాఠకుడి మాటను ఇంకాస్త త్వరగా నమ్ముతాడు.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు, మీరు కోర్సులో చదువుకునే ఉంటారు, పరీక్ష అయ్యాక మర్చిపోయి కూడా ఉంటారు. పుస్తకాలు వాడటానికే, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు, పాఠకుడి సమయం ఆదా చేయండి, గ్రంథాలయం పెరిగే ప్రాణి. ఈ ఐదింటిలో ఎక్కడా ‘మంచి పుస్తకం’ అన్న మాట లేదు, గమనించారా? నాకు ఇది తట్టడానికి ఉద్యోగంలో చాలా ఏళ్లే పట్టింది. అంతవరకూ నేనూ మీ సీనియర్‌లాగే మంచి పుస్తకాలు పంచుతూ తిరిగాను.

ఇక ఆ పెద్దావిడ సంగతి. ఆవిడ ‘థ్రిల్లర్’ అన్నారు, మీరు ‘థ్రిల్లర్’ అనే విన్నారు, కానీ ఇద్దరి బుర్రలో ఉన్న పుస్తకాలు వేరు. ఆ ఒక్క మాట కింద ఎన్ని రకాలు దాక్కుని ఉన్నాయో చూడండి. హంతకుడెవరో చివరిదాకా తెలియకూడదు, తానే కనిపెట్టాలి అనుకునేవాళ్లు కొందరు. వీళ్లకు కావలసింది పొడుపుకథ, రక్తం కాదు. 1939లో వచ్చిన అగాథా క్రిస్టీ ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ ఇలాంటివాళ్ల చేతిలో ఇప్పటికీ పనిచేస్తుంది: ఒక దీవి, పదిమంది మనుషులు, బయటికి పోయే దారి లేదు. ఇంకొందరికి హంతకుడు మొదటి అధ్యాయంలోనే తెలిసిపోయినా ఫర్వాలేదు, దొరుకుతాడా లేదా అన్న టెన్షన్ ఉంటే చాలు. కైగో హిగాషినో జపనీస్‌లో రాసిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ (2005)లో హత్య ఎవరు చేశారో మొదట్లోనే కళ్ల ముందు చూపించేస్తాడు, అయినా పుస్తకం కింద పెట్టలేం. భార్యాభర్తల్లో ఎవరు అబద్ధమాడుతున్నారో తేల్చుకోలేక కొట్టుకుపోవాలనుకునేవాళ్లకు 2012 నాటి ‘గాన్ గర్ల్’ లాంటివి. గూఢచారుల కథ కావాలి గానీ కార్ల ఛేజింగులు వద్దు, బుర్రకు పని ఉండాలి అనేవాళ్లకు జాన్ లె కారే, ముఖ్యంగా 1963లో వచ్చిన ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’. పెద్దగా ఏమీ జరగకుండానే వెన్నులో చలి పుట్టాలనుకునేవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల గురించి కాసేపట్లో చెబుతాను. వీళ్లందరూ కౌంటర్ దగ్గరకు వచ్చి అడిగేది మాత్రం అదే మాట, మంచి థ్రిల్లర్.

సినిమా దర్శకుడు హిచ్‌కాక్ ఈ తేడానే ఒక బల్ల పెట్టి చెప్పాడు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే బల్ల కింద బాంబు ఉన్నట్టుండి పేలిందనుకోండి, చూసేవాళ్లు పదిహేను సెకన్లు ఉలిక్కిపడతారు. అదే బాంబు పెట్టడం ముందే చూపించి, ఒంటిగంటకు పేలుతుందని తెలియజేసి, గోడ గడియారం పావుతక్కువ ఒంటిగంట చూపిస్తుంటే, వాళ్లు మాట్లాడుకునే పనికిరాని కబుర్లు కూడా పదిహేను నిమిషాలు ఊపిరి బిగబట్టి వింటారు. మీ పాఠకుడికి కావలసింది ఆ ఉలికిపాటా, ఈ పదిహేను నిమిషాలా? ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఫ్రెడరిక్ ఫోర్సిత్ ‘ది డే ఆఫ్ ది జాకాల్’ సంగతే చూడండి. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగోల్‌ను చంపడానికి కిరాయి హంతకుడిని పెడతారు. ఆ నవల 1971లో వచ్చింది, డిగోల్ అంతకుముందు ఏడాదే సహజ మరణం పొందాడు. అంటే మొదటి పేజీ తిప్పకముందే పాఠకుడికి ముగింపు తెలుసు, హత్య జరగదు. అయినా జనం గోళ్లు కొరుక్కుంటూ చదివారు, ఇప్పటికీ చదువుతున్నారు. ట్విస్ట్ లేనిదే థ్రిల్లర్ కాదనేవాళ్లు ఎవరైనా వాదనకు వస్తే నేను ఈ పుస్తకమే చూపిస్తాను.

అయితే ఎలా తెలుసుకోవాలి? ‘మీకెలాంటి పుస్తకం కావాలి?’ అని మాత్రం అడగకండి. అదేమిటో తెలిస్తే వాళ్లే ర్యాక్ దగ్గరకు వెళ్లి తీసుకునేవాళ్లు, మన దాకా ఎందుకొస్తారు? దానికి బదులు, ‘ఈమధ్య చదివినవాటిలో ఏది వదల్లేకపోయారు, దాని గురించి కొంచెం చెప్పండి’ అని అడిగి నోరు మూసుకోండి (నాకు ఈ రెండోదే కష్టంగా ఉండేది, పుస్తకం పేరు చెవిన పడగానే నాకు తెలిసిన నాలుగు పేర్లు నాలుక మీదకి వచ్చేసేవి). వాళ్లు చెప్పే పేరు కన్నా, చెప్పే తీరు వినండి. ఒకాయన ఒక నవల గురించి చెబుతూ ‘ఆ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు చూశారూ, పాపం ఇంటికెళ్తే ఒక్కడే, కూతురు ఫోన్ కూడా ఎత్తదు’ అన్నారు. ఐదు నిమిషాలు మాట్లాడారు, హత్య ఊసే ఎత్తలేదు. ఆయనకు కావలసింది ఇంకో హత్య కాదు, ఇంకో ఒంటరి మనిషి. డిటెక్టివ్ లేని కుటుంబ నవల ఇచ్చాను, రెండు రోజుల్లో దాని తర్వాతి భాగం అడుగుతూ వచ్చారు. ఇంకొకరు ‘ఆ మంచు, ఆ చీకటి, అక్కడే ఉన్నట్టుంది’ అంటారు, వాళ్లకు చోటు ముఖ్యం. ఇంకొకరు ‘ఏం రాశాడండీ!’ అని ఒక వాక్యం ఒప్పజెబుతారు. అమెరికాలో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ వీటినే పుస్తకంలోకి వెళ్లే నాలుగు గుమ్మాలు అంటారు: కథ, పాత్రలు, చోటు, భాష. జాయిస్ సారిక్స్ ఇదే పని మీద పుస్తకాలు రాసినావిడ, వీటితోపాటు వేగాన్నీ ప్రత్యేకంగా చూడమంటారు. నా అనుభవంలో థ్రిల్లర్ల విషయంలో ఎక్కువ గొడవలు వచ్చేది ఆ వేగం దగ్గరే.

ఇందాక చెబుతానన్నది ఇదే. ఒకే వారంలో ‘రెబెక్కా’ రెండుసార్లు రిటర్న్ వచ్చింది. డాఫ్నీ డు మోరియే 1938లో రాసిన నవల, కథ చెప్పే అమ్మాయి పేరేమిటో చివరిదాకా మనకు చెప్పరు. మొదట తెచ్చినబ్బాయి బల్ల మీద పడేసి ‘ఎంత నెమ్మదండీ బాబూ, వంద పేజీలైనా ఏమీ జరగదు’ అన్నాడు. నాలుగు రోజుల తర్వాత తెచ్చినావిడ దాన్ని గుండెలకు పట్టుకునే, ‘ఎంత నెమ్మదిగా భయపెట్టిందండీ’ అంది. ఇద్దరూ చెప్పిన మాట ఒకటే, నెమ్మది. తిట్టినా పొగిడినా వాళ్లు మనకు ఒకే సమాచారం ఇస్తున్నారు, దాన్ని రాసిపెట్టుకోవాలి. ఆరోజు నుంచి నేను పుస్తకం తీసుకుంటూ ‘నచ్చిందా?’ అని అడగడం మానేశాను. నచ్చిందంటారు మొహమాటానికి, అక్కడితో మాట ఆగిపోతుంది. ‘ఎక్కడ దాకా చదివారు?’ అని అడుగుతాను. సగంలో ఆపేసిన పుస్తకం గురించి జనం ఎంత బాగా మాట్లాడతారో మీరే చూస్తారు.

ఏం కావాలన్నదానితో పాటు ఏం వద్దో కూడా తప్పకుండా అడగండి, మీ కేసులో జారిపోయింది అదే. హింస ఎంతవరకు ఫర్వాలేదు, పిల్లలకు ఏమైనా జరిగితే చదవగలరా, ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు ఉంటే వద్దంటారా, ఇలా. మొహం మీద అడగడానికి ఇబ్బందిగా ఉంటే ‘కొంచెం రక్తపాతం ఉంటుందండీ, ఇబ్బంది లేదు కదా?’ అని పుస్తకం మీదికి తోసి అడగొచ్చు. ఒకావిడ ఏ థ్రిల్లర్ ఇచ్చినా ‘ఇందులో కుక్క చచ్చిపోతుందా?’ అని అడిగేది. మనుషులు ఎంతమంది పోయినా ఆవిడకు అభ్యంతరం లేదు. నవ్వొచ్చినా నవ్వకండి, తెలుసుకుని చెప్పండి.

చదవని పుస్తకం గురించి ఇదంతా ఎలా తెలుస్తుందని అడుగుతారేమో. పది నిమిషాలు చాలు. అట్టా, వెనక అట్ట మీద మాటలూ చూడండి (అక్కడ అందరూ అద్భుతమనే రాస్తారు, ఆ విశేషణాలు వదిలేసి ఏ కాలం, ఏ చోటు, ఎవరి కథ అన్నది మాత్రం తీసుకోండి). మొదటి అధ్యాయం చదవండి, మధ్యలో రెండుచోట్ల తెరిచి ఒక్కో పేజీ చదవండి, చివరి రెండు పేజీలు చూడండి. అవును, ముగింపు చూడండి, మీరు పాఠకురాలిగా కాదు, ఉద్యోగం కోసం చూస్తున్నారు. పేరాలు పొట్టిగా ఉండి సంభాషణలు ఎక్కువుంటే పరుగెడుతుంది. పేజీ నిండా అక్షరాలే ఉంటే తీరిగ్గా నడుస్తుంది. అధ్యాయాలు మూడు నాలుగు పేజీలకు అయిపోతుంటే ప్రతి దాని చివరా వారపత్రిక సీరియల్లో ‘సశేషం’ దగ్గర ఆపినట్టు ఆపేస్తాడని అర్థం, అలాంటిది రేపు పొద్దున్నే పరీక్ష ఉన్న పిల్లలకు ఇవ్వకపోవడం మంచిది. వారానికి మూడు నాలుగు పుస్తకాలు ఇలా తిరగేసి ఒక నోట్‌బుక్‌లో పుస్తకానికి రెండు లైన్లు రాసుకుంటే ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఉండే సరుకు మీ సీనియర్ దగ్గర కూడా ఉండదు.

సిరీస్‌ల దగ్గర మాత్రం జాగ్రత్త. నేనొకసారి ఒక సిరీస్‌లో మూడో పుస్తకం ఇచ్చేశాను, ర్యాక్‌లో అదే ఉందని. దాని ఇరవయ్యో పేజీలోనే మొదటి పుస్తకంలో హంతకుడెవరో మాటల సందర్భంలో బయటపడుతుంది. ఆ కుర్రాడు తిరిగొచ్చి నన్ను ఏమీ అనలేదు, మొదటిదీ రెండోదీ ఇక చదవక్కర్లేదు లెండి అన్నాడంతే. తిట్టినా బాగుండేది. ఒకటో పుస్తకం బయటికెళ్లి ఉంటే రిజర్వ్ చేసి పెట్టండి, ఈలోగా వేరే ఏదైనా ఇవ్వండి.

ఇక కథ చెప్పేసే పెద్దమనిషి. ఆయన్ని ఆపాలని చూడకండి. ఆయన మీకు దొరికిన వరం, కాకపోతే మూత లేని వరం. అన్ని పుస్తకాలు చదివి, చదివింది గుర్తుపెట్టుకుని, అడక్కుండానే పదిమందికి చెప్పాలని తహతహలాడే మనిషి ఊరికే దొరకడు. ఆయన్ని పక్కకు పిలిచి సాయం అడగండి. అరచేయంత అట్టముక్కలు కోసి ఇచ్చి, చదివిన ప్రతి పుస్తకానికీ ఒక వాక్యం రాయమనండి, షరతు ఒక్కటే, యాభయ్యో పేజీ తర్వాత జరిగేదేదీ అందులో ఉండకూడదు. ‘రాత్రి తొమ్మిది దాటాక మొదలుపెట్టకండి’ లాంటిది ఒక్క ముక్క రాసి ఆ పుస్తకం దగ్గర ర్యాక్ అంచుకు తగిలిస్తే, మనం పెట్టే ‘కొత్తగా వచ్చినవి’ బోర్డు కన్నా దాని ముందే ఎక్కువమంది ఆగుతారు. మొదట్లో ఆయన మూడు వాక్యాలు రాస్తారు, రెండు మీరు కొట్టేయాలి, ఒప్పుకుంటారు. తర్వాత మిగతా పాఠకులకూ అట్టముక్కలు ఇవ్వండి. పేర్లు రాయనక్కర్లేదు, ఇష్టమైతే పేరులోని మొదటి అక్షరాలు చాలు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్నది వాళ్లకూ మనకూ మధ్య ఉండాల్సిన విషయం, ‘మీ ఎదురింటావిడ కూడా ఇదే చదివింది’ లాంటి మాట ఎంత చనువున్నా మన నోట రాకూడదు.

ఇంకో చిన్న కిటుకు. రిటర్న్ వచ్చిన పుస్తకాల బండిని వెంటనే ర్యాకుల్లో సర్దేయకండి, ఒక గంట కౌంటర్ పక్కనే ఉండనివ్వండి. జనం ముందు దాన్నే వెతుకుతారు. ఎవరో చదివి ఇప్పుడే తెచ్చారంటే అదే ఒక సిఫారసు.

మీ సీనియర్ విషయంలో నేను చెప్పేది తక్కువే. ఆయనతో గొడవ పడొద్దు. ఆ నాలుగు పుస్తకాల గురించి ఆయన్నే కూర్చోబెట్టి అడగండి, ఎందుకు నచ్చాయో. ఆయన కారణాలు మీ నోట్‌బుక్‌లోకి ఎక్కితే ఆ నాలుగూ ఎవరికివ్వాలో మీకు తెలుస్తుంది, అందరికీ ఇవ్వాల్సిన పని తప్పుతుంది.

అన్నట్టు, మీ ఉత్తరంలో ‘నేను థ్రిల్లర్లు పెద్దగా చదవను’ అన్న ముక్కలో కాస్త చిన్నచూపు వినిపించింది, నేను పొరబడితే సరే. పాఠకులకు ఆ వాసన ఇట్టే తెలిసిపోతుంది. ‘ఏదో టైంపాస్‌కేనండీ’ అని వాళ్లే నసుగుతూ అడుగుతారు, మనం తీసిపారేస్తామేమోనని ముందే తగ్గిపోతారు. బెటీ రోజెన్‌బర్గ్ అనే ఆవిడ 1982లో ఇలాంటి నవలలన్నిటికీ కలిపి ఒక గైడ్ రాశారు, ‘జాన్రిఫ్లెక్టింగ్’ అని. ఏం చదువుతున్నారన్నదానికి ఎవరూ ఎప్పుడూ క్షమాపణ చెప్పుకోకూడదన్నది ఆవిడ పెట్టిన నియమం. కాబట్టి టైంపాస్ అన్నవాళ్లతో ‘టైం పాసవ్వడమంటే మాటలా, రండి చూద్దాం’ అనేయండి. వీలైతే నెలకొక థ్రిల్లర్ మీరూ చదవండి, డ్యూటీ అనుకుని మొదలుపెట్టినా మూడోదానికల్లా మీ రకమేదో మీకు తెలుస్తుంది.

చివరగా ఆ నిద్ర పట్టని పెద్దావిడ. ఆవిడ మళ్లీ వస్తారు, రాకపోయే మనిషైతే మూడో రోజే పుస్తకం పట్టుకొచ్చి మీకు చెప్పేవారు కాదు, గడువు దాకా ఉంచుకుని మౌనంగా పెట్టి వెళ్లిపోయేవారు. వచ్చినప్పుడు ముందు సారీ చెప్పండి, ఒక్కసారి చాలు. జోసఫీన్ టే రాసిన ‘ది డాటర్ ఆఫ్ టైమ్’ (1951) మీ దగ్గరుంటే తీసి పెట్టుకోండి. కాలు విరిగి ఆస్పత్రి మంచం మీద పడుకున్న ఇన్‌స్పెక్టర్, ఐదు వందల ఏళ్ల కిందటి ఒక రాజు తన అన్న పిల్లల్ని నిజంగా చంపించాడా లేదా అని పుస్తకాలు ముందేసుకుని ఆరా తీస్తాడు. తుపాకీ లేదు, కత్తి లేదు, కథంతా మంచం చుట్టూనే. పిల్లల ప్రస్తావన ఉందని ముందే చెప్పండి. బ్రిటన్‌లో క్రైమ్ రచయితల సంఘం 1990లో వంద గొప్ప క్రైమ్ నవలలను ఎంచినప్పుడు మొదటి స్థానం దీనికే ఇచ్చింది, ఆ మాట చెబితే ‘థ్రిల్లరేనా ఇది?’ అని అనుమానపడకుండా తీసుకెళ్తారు. చరిత్ర పేర్లు మొదట్లో కాస్త తికమక పెడతాయి, అది కూడా దాచకండి. నచ్చకపోతే ఎప్పుడు ఆపేయాలో చెప్పడానికి నాన్సీ పెర్ల్ లెక్క ఒకటుంది: యాభై ఏళ్ల దాకా ఎవరైనా యాభై పేజీలు చదివి చూడాలి, యాభై దాటినవాళ్లు వందలోంచి వయసు తీసేసి మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. ఆవిడ వయసు మీరడగొద్దు, లెక్క చెప్పి ఊరుకోండి, వేళ్ల మీద ఆవిడే వేసుకుంటారు. తిరిగి తెచ్చినప్పుడు మాత్రం ఎక్కడ దాకా వెళ్లారో అడగండి, ముప్ఫయ్యో పేజీలో ఆపేశానన్నా సరే, నోట్‌బుక్ తీసి రాసుకోండి.